చమురు బావి, చెరకు కార్శి: క్షీణించే దిగుబడిని మెషీన్ లెర్నింగ్‌తో అంచనా వేయడంలో జాగ్రత్తలు

క్రషింగ్ సీజన్ ముగిసి చేలలో చెరకు మోళ్ళు మాత్రమే మిగిలినపుడు ఉయ్యూరు ప్రాంతపు రైతు ముందు ప్రతి ఏటా ఒకే ప్రశ్న నిలుస్తుంది. తోటను కార్శికి వదలాలా, లేక దున్ని వేరొక పైరు వేయాలా? కార్శికి ముచ్చెల ఖర్చు, నాటే కూలి, నేల తయారీ ఖర్చు ఉండవు. అయితే దుబ్బులు చచ్చి ఖాళీలు పెరిగే కొద్దీ దిగుబడి తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ముందే తెలిస్తే నిర్ణయం సులభం. ఫ్యాక్టరీకి కూడా ఈ లెక్క అవసరమే. రాబోయే సీజనులో ఎన్ని టన్నుల చెరకు వస్తుందో తెలియనిదే కటింగ్ ఆర్డర్లు ఏ వరుసలో ఇవ్వాలో తేలదు.

ఉయ్యూరుకు ఈశాన్యాన, కైకలూరు, లింగాల పరిసరాలలో ఓ.ఎన్.జి.సి. తవ్విన బావుల వద్ద చమురు ఇంజనీరు ఎదుర్కొనే ప్రశ్న కూడా స్వభావరీత్యా ఇదే. ఈ బావి వచ్చే ఏడాది ఎంత ఇస్తుంది, పదేళ్ళ తరువాత ఎంత ఇస్తుంది, దీనిని కొనసాగించాలా, మూసి వేరొకచోట తవ్వాలా? రెండు చోట్లా దిగుబడి మొదట ఎక్కువగా ఉండి క్రమేణా తగ్గుతుంది. రెండు చోట్లా అసలు సంగతి నేల కింద కంటికి కనిపించకుండా జరుగుతుంది. క్షీణించే దిగుబడిని అంచనా వేయడంలో చమురు రంగానికి దాదాపు ఎనభై ఏళ్ళ అనుభవం ఉంది. అందులో చేసిన పొరపాట్లు కూడా బాగా నమోదయ్యాయి. మెషీన్ లెర్నింగ్ ఇప్పుడిప్పుడే సేద్య పరిశోధనలో విస్తరిస్తున్నందున ఆ పొరపాట్లను వ్యవసాయ శాస్త్రజ్ఞులు మళ్ళీ మొదటి నుండి చేయనవసరం లేదు.

క్షీణత వక్రరేఖ చెప్పేది, చెప్పలేనిది

1945లో జె.జె. ఆర్ప్స్ ప్రచురించిన పరిశోధన పత్రం నేటికీ చమురు బావుల అంచనాకు పునాది. తగ్గుదల రేటు ఉత్పత్తితో పాటు ఎలా మారుతుందన్న దానిని బట్టి ఆయన క్షీణతను మూడు విధాలుగా విభజించారు. ఏటా ఒకే శాతం చొప్పున తగ్గేది ఘాతీయ క్షీణత. తగ్గే శాతం కూడా కాలక్రమేణా తగ్గుతూ పోయేది అతిపరావలయ క్షీణత. ఆ కోవలోనే చివరి అంచున ఉండేది హరాత్మక క్షీణత.

వీటి మధ్య భేదాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక బావి మొదట రోజుకు 1000 బ్యారెళ్ళు ఇచ్చి, ఏడాది తరువాత 800 బ్యారెళ్ళకు తగ్గిందనుకుందాం. రెండవ ఏడాది చివరకు ఘాతీయ రేఖ ప్రకారం 640, మధ్యస్థమైన అతిపరావలయ రేఖ ప్రకారం 655, హరాత్మక రేఖ ప్రకారం 667 బ్యారెళ్ళు రావాలి. కొలతలో వచ్చే సహజమైన తేడాలలోనే ఈ భేదం మునిగిపోతుంది. ఏ రేఖ సరైనదో ఆ దశలో ఎవరూ చెప్పలేరు. పదవ ఏడాదికి వచ్చేసరికి అవే మూడు రేఖలు వరుసగా 107, 210, 286 బ్యారెళ్ళు చూపుతాయి. తొలి రెండేళ్ళ గణాంకాలకు మూడూ చక్కగా అతికినా పదేళ్ళ తరువాత ఒకటి మరొకదానికి రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది.

విద్యార్థులు ఈ సంఖ్యలను స్వయంగా వేసి చూడడం మంచిది. ఉన్న గణాంకాలకు నమూనా ఎంత బాగా అతికిందన్న కొలత, ముందున్న కాలం గురించి అది ఎంత నమ్మదగినదో చెప్పదు. గణన పద్ధతి ఎంత ఆధునికమైనదైనా ఈ పరిమితి తొలగదు. ఆర్ప్స్ రేఖలకు మరొక నిబంధన కూడా ఉంది. బావిని నడిపే తీరు మారకుండా ఉన్నంత కాలమే అవి వర్తిస్తాయి. చోక్ వెడల్పు చేసినా, పక్క బావిలోకి నీరు ఎక్కించినా పాత రేఖ చెల్లదు.

ఒకే బేసిన్‌లో రెండు తలకిందులైన అంచనాలు

కృష్ణా గోదావరి బేసిన్‌లోనే ఇందుకు రెండు నిదర్శనాలు ఉన్నాయి. కోనసీమలోని ఎస్. యానాం తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రవ్వ క్షేత్రాన్ని ఓ.ఎన్.జి.సి. 1987లో కనుగొంది. 1993లో ఉత్పత్తి మొదలైంది. అక్కడ వెలికితీయగల చమురు సుమారు 10 కోట్ల బ్యారెళ్ళని తొలినాటి అంచనా. ఆ తరువాత కొత్త బావులు తవ్వారు, నీటిని ఎక్కించి పీడనాన్ని నిలిపారు, భూకంప తరంగాల సర్వేను మళ్ళీ మళ్ళీ చేశారు. వాస్తవంగా తీసినది తొలి అంచనాకు రెట్టింపును మించింది.

కాకినాడ తీరానికి దూరంగా లోతు సముద్రంలో ఉన్న కె.జి.–డి6 కథ ఇందుకు విరుద్ధం. 2002లో కనుగొన్న అక్కడి ప్రధాన వాయు క్షేత్రాలలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభమైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల వాయువు లభిస్తుందని ప్రణాళిక. 2010 మార్చి నాటికి ఉత్పత్తి దాదాపు 7 కోట్లకు చేరువై, ఆ పైన ఎదగకుండా క్షీణించసాగింది. నిక్షేపంలో పీడనం పడిపోయింది; బావులలోకి నీరు, ఇసుక చేరాయి. ప్రణాళిక ప్రకారం బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం, భూగర్భ నిర్మాణం ఊహించిన దానికంటే జటిలంగా ఉండడమే కారణమని నిర్వాహక సంస్థ వాదించాయి. ఆ ప్రధాన క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఈ వాయువును నమ్ముకుని కొండపల్లి మొదలైన చోట్ల నెలకొల్పిన విద్యుత్ కేంద్రాలకు 2013 నాటికే సరఫరా ఆగిపోయింది. వాయు కేటాయింపులో తొలి ప్రాధాన్యం ఎరువుల కర్మాగారాలకే ఇచ్చినందున ఆ అంచనాకు యూరియాతో, తద్వారా పొలంతో కూడా సంబంధం ఉంది.

కె.జి.–డి6 తొలి అంచనాలు మెషీన్ లెర్నింగ్‌తో చేసినవి కావు. అయినా ఒక ఊహ ప్రయోజనకరం. 2010 మార్చి నాటికి అందుబాటులో ఉన్న ఉత్పత్తి సంఖ్యలను మాత్రమే ఇచ్చి ఒక నమూనాకు శిక్షణ ఇచ్చి ఉంటే అది ఏం నేర్చుకునేది? అంతవరకు ఉత్పత్తి పెరుగుతూనే ఉంది. పెరుగుదలను తప్ప మరొకటి చూడని నమూనా క్షీణతను చెప్పజాలదు. క్షీణత జాడ కోసం చూడవలసినది పీడనం, నీటి శాతం వంటి కొలతలలో. ఉత్పత్తి ఫలితం మాత్రమే. కారణాన్ని కొలవని చోట ఏ గణన పద్ధతీ దానిని సృష్టించలేదు. చెరకులో దీనికి సమానమైనది టన్నుల దిగుబడి కంటే ముందు దుబ్బుల లెక్క. కోత అయిన నెల, నెలన్నరకు బోదెలో ఎంత పొడవున మొలక లేదో కొలిచినవాడికి రాబోయే దిగుబడి గురించి తెలిసినంత, నిరుటి బిల్లులను మాత్రమే చూసినవాడికి తెలియదు.

మెషీన్ లెర్నింగ్ అదనంగా ఇచ్చేది

వక్రరేఖ కాలాన్ని ఒక్కదానినే చూస్తుంది. మెషీన్ లెర్నింగ్ పద్ధతులు అనేక కొలతలను ఒకేసారి పరిగణించగలవు. చమురు బావి విషయంలో చోక్ పరిమాణం, బావి అడుగు పీడనం, నీటి శాతం, బావి నడిచిన గంటలు, పక్క బావులలోకి ఎక్కించిన నీరు దత్తాంశాలవుతాయి. లియో బ్రైమన్ 2001లో వివరించిన రాండమ్ ఫారెస్ట్, హోక్రైటర్, ష్మిడ్‌హూబర్ 1997లో ప్రతిపాదించిన ఎల్.ఎస్.టి.ఎమ్. ఈ పనికి విరివిగా వాడుకలో ఉన్నాయి. మొదటిది అనేక నిర్ణయ వృక్షాల సగటు. రెండవది కాలక్రమంలో వచ్చే సంఖ్యలలో దేనిని గుర్తుంచుకోవాలో, దేనిని విడిచిపెట్టాలో నేర్చుకునే నాడీజాల పద్ధతి. కార్శి చెరకుకు సమానమైన దత్తాంశాలు రకం, కోత తేదీ, ఖాళీల శాతం, నత్రజని మోతాదు, వేసిన తేదీ, నీటి ముంపు రోజులు, గడ్డిదుబ్బు, కాటుక తెగుళ్ళ తీవ్రత, ఉపగ్రహ చిత్రాల నుండి లభించే పచ్చదనపు సూచిక.

రాండమ్ ఫారెస్ట్ గురించి ఒక విషయం ప్రత్యేకంగా గుర్తించాలి. ఒక్కొక్క వృక్షం శిక్షణలో చూసిన విలువల సగటునే ఇస్తుంది. అందువల్ల అది శిక్షణలోని కనిష్ఠ విలువ కంటే తక్కువను ఎన్నటికీ చెప్పలేదు. ఒక బావి 1000 నుండి 400 బ్యారెళ్ళకు తగ్గిన కాలపు గణాంకాలతో శిక్షణ ఇస్తే, ఆ బావి ఎంత క్షీణించినా అంచనా 400 వద్ద చదునుగా నిలిచిపోతుంది. క్షీణించే వస్తువు భవిష్యత్తు ఎప్పుడూ చూసిన పరిధికి కిందనే ఉంటుంది కనుక ఇది చిన్న లోపం కాదు. దీనికి విరుగుడు ఉంది. దిగుబడిని నేరుగా ఊహించమనకుండా, నిరుటి దిగుబడిలో ఎన్నో వంతు నిలుస్తుందో ఊహించమనాలి. లేదా ముందు ఆర్ప్స్ రేఖను గీసి, ఆ రేఖకు వాస్తవానికి మధ్య తేడాను మాత్రమే యంత్రానికి అప్పగించాలి. రెండవ పద్ధతిలో శాస్త్ర జ్ఞానం స్థూలరేఖను నిర్ణయిస్తుంది, యంత్రం మిగిలిన వంకరలను సరిదిద్దుతుంది. తక్కువ గణాంకాలు ఉన్న మన పరిస్థితులకు ఇదే తగినది.

పునరావృత్తి అంటే ఏమిటన్న పాత ప్రశ్న

ఇటీవలి సిద్ధాంత వ్యాసాలలో తొంభై శాతానికి పైబడిన కచ్చితత్వం సర్వసాధారణమైంది. ఆ సంఖ్యను చూడగానే సంతోషించే ముందు పరీక్షా గణాంకాలను ఎలా వేరు చేశారని అడగాలి.

నార్వేకు చెందిన ఈక్వినార్ సంస్థ ఉత్తర సముద్రంలోని వోల్వ్ క్షేత్రపు గణాంకాలను 2018లో పరిశోధకులకు బహిరంగంగా విడుదల చేసింది. 2008 నుండి 2016 వరకు రోజువారీ ఉత్పత్తి, పీడనం, చోక్ కొలతలు అందులో ఉన్నాయి. చమురు బావులపై మెషీన్ లెర్నింగ్ నేర్చుకోదలచిన విద్యార్థికి ఇంతకంటే మంచి అభ్యాస క్షేత్రం దొరకడం కష్టం. వేల రోజుల వరుసలు ఉన్నప్పటికీ బావులు మాత్రం పదికి లోపే. ఆ వరుసలను చీట్లలా కలిపి, ఎనభై శాతం శిక్షణకు, ఇరవై శాతం పరీక్షకు తీస్తే ఏమవుతుంది? మంగళవారం పరీక్షలో ఉంటే సోమ, బుధవారాలు శిక్షణలో ఉంటాయి. రెండు పక్కల సంఖ్యలు తెలిసినపుడు మధ్య సంఖ్యను చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. అది ఖాళీని పూరించడం అవుతుంది, భవిష్యత్తును చెప్పడం కాదు. అదే నమూనాకు మొదటి ఆరేళ్ళు చూపి, చివరి రెండేళ్ళు దాచి పరీక్షిస్తే అసలు శక్తి తెలుస్తుంది.

క్షేత్ర ప్రయోగాలు చేసేవారికి ఇది కొత్త పాఠం కాదు. ఒకే మడిలో నాలుగు నమూనాలు తీసి వాటిని నాలుగు పునరావృత్తులుగా చూపితే ఏ పరీక్షకుడూ అంగీకరించడు. ఉపగ్రహ చిత్రాల విషయంలో మాత్రం ఆ పట్టు సడలుతున్నది. సెంటినెల్–2 చిత్రంలో ఒక్కొక్క చదరం పది మీటర్లు. ఎకరం చేనుకు సుమారు నలభై చదరాలు వస్తాయి. ఆ నలభైకీ కలిపి తూకపు చీటీపై ఉండేది ఒకే దిగుబడి. కొన్ని చదరాలు శిక్షణలో, కొన్ని పరీక్షలో పడితే నమూనా ఆ చేనును ముందే చూసినట్లే. అందువల్ల విభజన చేను స్థాయిలో, వీలైతే గ్రామం స్థాయిలో జరగాలి. ఏడాదుల మధ్య అంచనా కావాలంటే ఒక సీజనును పూర్తిగా దాచాలి. ఐదు సీజన్ల గణాంకాలు ఉన్న పరిశోధకుడికి, వరుసలు ఎన్ని లక్షలున్నా, వాతావరణం దృష్ట్యా ఉన్నవి ఐదు పునరావృత్తులే.

పోల్చడానికి ఒక సాధారణ అంచనా కూడా పక్కన ఉండాలి. బావికైతే నిన్నటి ఉత్పత్తినే నేటి అంచనాగా తీసుకోవడం, లేదా ఆర్ప్స్ రేఖ. కార్శికైతే ఆ గ్రామంలో నిరుటి దిగుబడిని సాధారణ తగ్గుదల నిష్పత్తితో హెచ్చించడం. దానిని మించలేని నమూనాకు ఎంత పెద్ద పేరున్నా ప్రయోజనం లేదు.

అంచనా వేసే నాటికి చేతిలో లేని కొలతను దత్తాంశంగా వాడడం మరొక పొరపాటు. రేపటి బావి పీడనం ఈ రోజు తెలియదు. ఫిబ్రవరి పచ్చదనపు సూచిక అక్టోబరులో తెలియదు. అలాగే పరిస్థితి మారిన సంవత్సరాలను గుర్తించాలి. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు చేరుతున్నది. పుల్లేరు కాలువకు నీరు అందే కాలం అంతకు ముందు దేనిపై ఆధారపడిందో, ఆ తరువాత కేవలం దానిపైనే ఆధారపడదు. పాత ఏళ్ళతో మాత్రమే శిక్షణ పొందిన నమూనాకు ఈ మార్పు తెలియదు. నీరు ఎక్కించిన తరువాత పాత క్షీణత రేఖ చెల్లని బావి లాంటిదే ఇది.

దున్నేసిన తోటలు ఎక్కడికి పోయాయి?

పై జాగ్రత్తలన్నీ పాటించిన పరిశోధకుడు కూడా తప్పిపోయే చోటు ఒకటి ఉంది. విస్తరణ శాస్త్రజ్ఞులకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

నూరు చెరకు తోటలున్నాయనుకుందాం. మొక్కతోట సగటు దిగుబడి ఎకరాకు 40 టన్నులు. మొదటి కార్శిలో 60 తోటలు 38 టన్నుల చొప్పున, మిగిలిన 40 తోటలు ఖాళీలు, తెగుళ్ళ వల్ల 26 టన్నుల చొప్పున ఇచ్చాయి. నూటి సగటు 33.2 టన్నులు. దెబ్బతిన్న 40 తోటలను రైతులు దున్నేశారు. నిలిచిన 60 తోటలు రెండవ కార్శిలో 34 టన్నుల చొప్పున ఇచ్చాయి. ఫ్యాక్టరీ రికార్డు నుండి సగటులు తీస్తే 40, 33.2, 34 అని కనిపిస్తాయి. రెండవ కార్శిలో దిగుబడి తగ్గకపోగా కొంత పెరిగిందని యంత్రం నేర్చుకుంటుంది. వాస్తవంలో పెరిగిన తోట ఒక్కటి కూడా లేదు. నిలిచిన ప్రతి తోటా 38 నుండి 34కు, అంటే పదిశాతానికి మించి తగ్గింది.

ఈ నమూనాను నమ్మి సలహా ఇస్తే నష్టపోయేది ఎవరు? మొదటి కార్శిలో 26 టన్నులు తీసిన రైతు. అతని తోట వంటి తోట రెండవ కార్శిలో ఎంత ఇస్తుందో రికార్డులో ఒక్క వరుస కూడా లేదు, ఎందుకంటే అటువంటి తోటలను ఎవరూ ఉంచలేదు. అయినా యంత్రం 'తెలియదు' అనదు. నిలిచిన మంచి తోటల నుండి నేర్చుకున్న సంఖ్యనే అతనికీ చెబుతుంది. కౌలు రైతు అయితే ఆ ఏడాది కౌలు, ఎరువు, నీటి ఖర్చు అన్నీ ఆ సంఖ్య మీద పెట్టినట్లే. రైతు తన అనుభవంతో దున్నేయాలని నిర్ణయించుకుని ఉండవచ్చు. ఆ నిర్ణయంలో ఉన్న జ్ఞానం గణాంకాలలో నమోదు కాకపోగా, దానివల్లనే గణాంకాలు తప్పుదారి పట్టాయి.

చమురు రంగంలో దీనికి సరిగ్గా ఇటువంటిదే సమస్య. బలహీనమైన బావులు ముందుగా మూతపడతాయి. పదేళ్ళ వయసున్న బావుల సగటు తీస్తే అందులో ఉండేవి పదేళ్ళు నిలవగలిగిన గట్టి బావులే. క్షేత్రం మొత్తం నెమ్మదిగా క్షీణిస్తున్నట్లు కనిపించడానికి ఇది ఒక కారణం. వివేకం గల ఇంజనీర్లు బావి బావినీ విడిగా వెంబడించి, మూసిన బావులను కూడా మూసిన తేదీతో, కారణంతో సహా లెక్కలో ఉంచుతారు. మరమ్మతుకు ఆపిన రోజుల సున్నాను, చమురు అయిపోయిన సున్నాను వేరు చేస్తారు.

చెరకులో ఇదే పని చేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ప్రతి చేనుకు ఒక స్థిరమైన గుర్తింపు సంఖ్య ఉండాలి. దిగుబడులను సగటుల మధ్య కాకుండా అదే చేనులో ఒక పైరు నుండి మరొక పైరుకు పోల్చాలి. దున్నేసిన తోటను జాబితా నుండి తీసివేయకుండా, దున్నిన నెల, ఆ నాటి ఖాళీల శాతం, కారణం రాయాలి. చెరకు విస్తీర్ణం తగ్గి రైతులు ఇతర పైర్లకు మళ్ళుతున్న ఈ కాలంలో ఆ చివరి గడి మరింత అవసరం. దిగుబడి పడిపోయి దున్నిన తోట, కూలీలు దొరకక లేదా వేరే పైరుకు ధర ఉండి దున్నిన మంచి తోట రికార్డులో ఒకేలా కనిపిస్తే ఏ నమూనా వాటిని వేరు చేయలేదు. పరిశోధన స్థానాలలో మరొక వెసులుబాటు ఉంది. బలహీనపడిన మడులను కొన్నింటిని ఉద్దేశపూర్వకంగా రెండవ, మూడవ కార్శి వరకు ఉంచి దిగుబడి తీయవచ్చు. రైతు భరించలేని ఆ నష్టాన్ని పరిశోధన క్షేత్రం భరించగలదు. నమూనాలో లేని వరుసలు అక్కడే పుట్టాలి.

అంచనాను రైతుకు చెప్పే తీరు

ఒకే సంఖ్య చెప్పకూడదు. 34 టన్నులు వస్తుందనడం కంటే, ఇటువంటి తోటలు పదింటిలో ఎనిమిది 29 నుండి 38 టన్నుల మధ్య ఇచ్చాయనడం రైతుకు ఎక్కువ ఉపయోగం. ఎన్ని టన్నుల కంటే తగ్గితే కార్శి ఖర్చు రాదో అతనికి తెలుసు; ఆ గీత ఈ పరిధిలో ఎక్కడ పడుతుందో అతడే చూసుకుంటాడు. తోట పరిస్థితి శిక్షణలో చూసిన తోటల పరిధిలో లేకపోతే ఆ సంగతి స్పష్టంగా చెప్పి, సంఖ్య ఇవ్వకుండా ఉండడమే మేలు. అటువంటి తోటకు మోళ్ళను నేలమట్టానికి చెక్కడం, ఖాళీలలో మొలకెత్తిన ముచ్చెలతో నాట్లు వేయడం, నత్రజనిని మొక్కతోట కంటే ఎక్కువగా, త్వరగా వేయడం వంటి యాజమాన్యం గురించి చెప్పవచ్చు. ఖాళీలు మరీ ఎక్కువగా ఉంటే దున్నడమే మంచిదని కూడా చెప్పవచ్చు. దానికి యంత్రం అక్కరలేదు.

ఈ విషయాలు చెరకుకే పరిమితం కావు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుండి వరి, గోధుమ దిగుబడుల మదింపులో పంట కోత ప్రయోగాలతో పాటు సాంకేతిక అంచనాలకు కనీసం 30 శాతం తూకం ఇస్తున్నారు. డెల్టాలో వరి కోతల సమయానికి తుపాను వచ్చిన ఏడాది ఆ 30 శాతం ఎలా లెక్క కట్టారో, ఆ నమూనా అంతకు ముందు ముంపు ఏడాదిని ఒక్కటైనా చూసిందో లేదో అడగవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రజ్ఞులది. ముంపు చేలో పైరు పచ్చగానే ఉండి గింజ తాలుగా మారడం ఉపగ్రహ చిత్రానికి తెలియదు. గట్టు మీద నిలబడి కంకిని నలిపి చూసినవాడికి తెలుస్తుంది. ఆ చూసిన తేదీ, చేను సంఖ్య, తాలు శాతం ఒక వరుసగా రాసి పంపితే వచ్చే ఏడాది నమూనాకు అది మొదటి ముంపు వరుస అవుతుంది.